రాధాకృష్ణపండితులును చీనా మహాదేశమును

పొరుగురాజ్యము బలపడుచున్నదని వినగానే లోకమున రెండువిధములైన మాటలు బయలుదేరుట సహజము. కొందరు భయపడి దూషింతురు. కొందరు ముగ్ధులై స్తుతింతురు. ఇరువురును ఎదుటి వస్తువును నిదానించి చూచుట మానివేయుదురు. చీనా మహాదేశమును గూర్చి నేడు మన దేశమున జరుగుచున్న చర్చలో అధికభాగము ఈ రెండు తెగలలో ఏదో యొకదానికి చెందియున్నది. ఆ దేశమునందు ఏమి జరిగినది, ఎందువలన జరిగినది, దానివలన మనకు కలుగు ఫలమేమి అని విచారించువారు స్వల్పసంఖ్యాకులు.

ఈ చర్చ విశాఖపట్టణమువారికి దూరదేశపు ముచ్చట కాదు. పెద జాలరిపేట యిసుకమీద వల బాగుచేసికొను వాడబలిజ సోదరుడు ఎదుట చూచు సముద్రమే చీనా వర్తకమునకు రాజమార్గము. 2023-24వ సంవత్సరమున భారతదేశపు రొయ్యలను, చేపలను కొనిన దేశములలో అమెరికా తరువాతి స్థానము చీనాదే. రేవునుండి ఇనుపఖనిజము పోవుటయు, గాజువాక ప్రక్కనున్న ఉక్కు కర్మాగారమున తయారగు సరకునకు ధర పలుకుటయు, పరవాడ మందుల కర్మాగారములకు మూలద్రవ్యములు వచ్చుటయు, అన్నియు ఏదో యొక విధముగ చీనా ఆర్థికస్థితితో ముడివడియున్నవి. కావున ఆ దేశమును సరిగా ఎరుగుట ఈ పట్టణమునకు పండితవినోదము గాక బ్రదుకుతెరువునకు సంబంధించిన కార్యము.

ఇట్టి సమయమున స్మరింపదగిన తెలుగువారొకరు కలరు. ఆ జాలరిపేటకు ఎగువనున్న వాల్తేరు మిట్టమీద ఐదేండ్లు విశ్వవిద్యాలయమును నడిపి, యుద్ధకాలమున చీనాకు అతిథిగా పోయి, పిమ్మట ఉపరాష్ట్రపతిగా మావోను కలిసికొని, తుదకు చీనాతో యుద్ధము వచ్చిన సంవత్సరమున రాష్ట్రపతి పీఠముపై నుండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులే వారు. ఆయనను దార్శనికుడుగను, ఉపాధ్యాయులకు ఆరాధ్యుడుగను ఎల్లరు నెరుగుదురు. చీనాతో ఆయనకు గల్గిన సంబంధమును మాత్రము ఎక్కువమంది తలపునకు దెచ్చుకొనరు. ఆయన జీవితమును ఆ దారిని అనుసరించి చదివినచో, ఆ మహాదేశముతో మన జాతి నెరపిన స్నేహమును, పొందిన ఆశాభంగమును, నేర్వవలసిన పాఠమును ఒకచోటనే కనబడును.

రాధాకృష్ణపండితులు 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీని, నేడు తమిళనాడులో చేరియున్న తిరుత్తణిలో జన్మించిరి. వారి పూర్వుల గ్రామము నెల్లూరు మండలములోని సర్వేపల్లి. తండ్రి వీరాస్వామిగారు స్వల్పవేతనముగల రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మగారు. తిరుపతి, వేలూరు పాఠశాలలలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. క్రొత్త పుస్తకములు కొనుటకు శక్తి లేకపోగా, జ్ఞాతి యొకడు చదివి విడిచిన తత్త్వశాస్త్ర గ్రంథములు చేతికి వచ్చినవి. ఆ పుస్తకములే వారి జీవితమార్గమును నిర్ణయించినవి. క్రైస్తవ బోధకులు హిందూమతముపై గావించిన విమర్శలు యువకుని మనసును గాయపరచినవి. అందులకు ఆయన ఆగ్రహించి ఊరకుండలేదు. తన మతమును మొదటినుండి చదివెను. విమర్శించినవారి మతమునుగూడ చదివెను. ఎదుటివానిని ఎరిగి మాటలాడవలెనను నియమము ఆనాడు ఏర్పడినది. చీనా విషయమునందును తరువాత ఆ నియమమునే వారు పాటించిరి.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున ప్రవేశించి, 1918లో మైసూరునకును, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకును పోయిరి. భారతీయ తత్త్వశాస్త్రమును గూర్చిన వారి రెండు సంపుటములు 1923, 1927 సంవత్సరములలో వెలువడి వారిని లోకప్రసిద్ధులను జేసినవి. కలకత్తా నివాసము మరియొక మేలు కావించినది. రవీంద్రుడు 1924లో చీనాయాత్ర చేసివచ్చెను. ఆసియా ఖండపు ప్రాచీన సంస్కృతులు రెండును మరల చేతులు కలుపవలెనను ఆకాంక్ష వంగదేశపు పండితులలో అప్పుడు ప్రబలముగా నుండెను. 1937లో శాంతినికేతనమున చీనాభవనము వెలసినది ఆ ఆకాంక్షవలననే. ఆ వాతావరణమున పదేండ్లు మెలగిన పండితునకు చీనా పరాయిదేశముగ తోపకుండుట వింత కాదు.

1930లో ఉప్పుసత్యాగ్రహ కాలమున ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షపదవిని వదలుకొనిరి. 1931లో ఆ స్థానమునకు రాధాకృష్ణపండితులు వచ్చిరి. అప్పటికి పరిషత్తు శైశవావస్థలో నుండెను. బెజవాడనుండి వాల్తేరునకు తరలివచ్చి యొక సంవత్సరమైనను సరిగా నిండలేదు. జయపుర మహారాజా విక్రమదేవవర్మగారు ఏటేట ఇచ్చిన లక్షరూపాయల విరాళము సంస్థకు ప్రాణాధారమైనది. ఆ ఐదేండ్లలో కళాశాలలు ఏర్పడినవి, శాస్త్రశాఖలు వెలసినవి, భగవంతముగారు, శేషాద్రిగారు, వి. కె. ఆర్. వి. రావుగారు మున్నగు యువపండితులు దేశపు నలుమూలలనుండి సముద్రపుటొడ్డునకు వచ్చి చేరిరి. 1933 డిసెంబరులో విశాఖ రేవు తెరువబడినది. ఒకే కాలమున, ఒకే పట్టణమున, ఒకవైపు విద్యయు మరియొకవైపు వర్తకమును తలయెత్తినవి. జాతికి రెండును రెక్కలవంటివని తెలిసికొనుటకు చీనా చరిత్రమే సాక్ష్యము; ఆ విషయము ముందు చెప్పుదుము.

ఈ తీరమునకు చీనాతో పూర్వసంబంధము లేకపోలేదు. విశాఖకు ఉత్తరమున సముద్రమువైపు చూచుచున్న తొట్లకొండ, బావికొండ బౌద్ధారామముల శిథిలములు తూర్పుసముద్రముపై సాగిన రాకపోకల కాలమును జ్ఞాపకము చేయుచున్నవి. ఏడవ శతాబ్దిలో హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చి వేంగిని, ధాన్యకటకమును దర్శించి వ్రాసిపెట్టెను. ఆ యాత్రికుడు మన భాష నేర్చి, మన గ్రంథములు మోసికొనిపోయి, తన భాషలోనికి మార్చెను. అట్టి శ్రమతో చీనాకు పోయి చీనాను చదివి వ్రాసిన మనవాడొకడు ఆ కాలమున కానరాడు. మనమిచ్చితిమి, వారు పుచ్చుకొనిరి అని గర్వించుట మనకలవాటు. తెలిసికొనువాడెప్పుడును పుచ్చుకొనువాడేయని మరచిపోవుదుము.

1936లో రాధాకృష్ణపండితులు ఆక్స్‌ఫర్డునందు ప్రాచ్యమతాచార్య పీఠమును స్వీకరించిరి. 1939లో మదనమోహన మాలవ్యగారి తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయ భారమునుగూడ వహించిరి. ఇంతలో చీనాపై జపాను దండయాత్ర 1937లో ప్రారంభమై, తీరపట్టణములన్నియు శత్రువశమైనవి. భారతజాతీయ మహాసభ 1938లో ఐదుగురు వైద్యులను చీనాకు పంపెను. వారిలో కోట్నీస్ 1942లో అచ్చటనే కన్నుమూసెను. 1942 ఫిబ్రవరిలో చాంగ్ కై షేక్ దంపతులు మన దేశమునకు వచ్చి గాంధీమహాత్ముని కలకత్తాలో దర్శించిరి. ఆ ఏప్రిలు 6వ తేదీని జపాను విమానములు విశాఖపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. చీనా పట్టణములను కాల్చిన శత్రువు తమ యింటి కప్పుమీదికి వచ్చుటను ఈ తీరపు జాలరులు కన్నులార చూచిరి. చీనాపై ఆనాడు మన ప్రజలకు గల్గిన సానుభూతికి ఇట్టి ప్రత్యక్షకారణములు ఉండెను.

1944 మే మాసమున చీనా ప్రభుత్వపు ఆహ్వానముపై రాధాకృష్ణపండితులు యుద్ధకాల రాజధానియైన చుంగ్‌కింగునకు వెళ్లిరి. భూమార్గము జపానువారి చేతిలో నుండుటచే హిమాలయ శిఖరములమీదుగా విమానయానమే శరణ్యము. అచ్చట వారు గావించిన ఉపన్యాసములు అదే సంవత్సరము గ్రంథరూపమున వెలువడినవి. చీనా విద్యాదర్శములు, కన్‌ఫ్యూషియసు ధర్మము, లావోత్సే మార్గము, బౌద్ధము చీనాలో పొందిన పరిణామము, యుద్ధము, లోకరక్షణము అను విషయములను వారు ప్రసంగించిరి. అతిథి ధర్మమునకు తగినట్లు పొగడి ఊరకుండక, చీనీయుల గ్రంథములను చదివి వారికే వ్యాఖ్యానము చెప్పగలిగిరి. పరాయిదేశపు పండితుడు తమ ఋషుల మాటలను తమకు వివరించుట చీనీయులకు క్రొత్త అనుభవమై యుండును. విజ్ఞానమునకు గౌరవమిచ్చి, పరీక్షలచే ఉద్యోగులను ఎన్నుకొని, శతాబ్దములకొలది సామ్రాజ్యమును నడిపిన జాతియని చీనాపై ఆయనకు ఆదరము మెండు.

అయినను ఆ దర్శనమునకు ఒక హద్దు కలదు. పండితులు చూచిన చీనా గ్రంథములలోని చీనా. అది అనువాదముల మూలమున తెలిసిన చీనా. చుంగ్‌కింగులో వారిని సత్కరించిన ప్రభుత్వమునకు అప్పటికే పునాదులు కదలుచుండెను, ధరలు మిన్నుముట్టుచుండెను, ఉత్తరమున యేనాను గుహలలో మావో పక్షము రైతుజనమును కూడగట్టుచుండెను. ఆరేండ్లు తిరుగకమునుపే, 1949 అక్టోబరు 1వ తేదీని, ఆ పక్షమే బీజింగులో రాజ్యము స్థాపించెను. చాంగ్ కై షేక్ ఫార్మోజా దీవికి తరలిపోయెను. ప్రాచీన సంస్కృతిని ఎరిగినంతమాత్రమున నేటి రాజ్యశక్తిని ఎరిగినట్లు కాదని ఈ పరిణామము చాటుచున్నది. ఇది ఒక్క పండితునికి సంబంధించిన హద్దు కాదు. ఆనాటి మన నాయకులందరి దృష్టికిని అదియే హద్దు.

1949లో రాధాకృష్ణపండితులు మాస్కోలో మన రాయబారియైరి. మావో స్టాలినుతో సంధి కుదుర్చుకొనుటకు ఆ నగరమున రెండు మాసములు మకాము వేసియున్న దినములలోనే, 1950 జనవరిలో, మన రాయబారికి స్టాలిను దర్శనమిచ్చెను. క్రొత్త చీనాను 1949 డిసెంబరు 30వ తేదీననే భారతదేశము గుర్తించియుండెను. కొరియా యుద్ధము రాగా, దానిని మాన్పుటకును, ఐక్యరాజ్యసమితిలో బీజింగునకు స్థానము ఇప్పించుటకును భారతదేశము చేసిన ప్రయత్నములలో మాస్కో రాయబారమునకును భాగము కలదు. శత్రుత్వమువలన చీనా మెత్తబడదు, గౌరవించి సభలో కూర్చుండబెట్టినచో బాధ్యత తెలియునని ఆనాటి మన నమ్మిక. నమ్మిక ధర్మబద్ధమైనదే. అయితే 1950లోనే చీనాసేన టిబెట్టులో ప్రవేశించినది. ధర్మమును నమ్మినవాడు సరిహద్దునుగూడ కాచుకొనవలెనను హెచ్చరిక అందులో నుండెను.

1952లో వారు ఉపరాష్ట్రపతియైరి. 1954 ఏప్రిలు 29వ తేదీని టిబెట్టు వర్తకమును గూర్చిన ఒడంబడికలో పంచశీలము చేరినది. భారత చీనా సోదరత్వపు నినాదములు వీథివీథిని మ్రోగినవి. 1957 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి చీనాకు వెళ్లి మావోను కలిసికొనిరి. ఆ సమావేశమున మావో చెంపను ఆయన చనువుగా తట్టిరనియు, ఆతడు విస్మయపడగా, స్టాలినునకును పోపునకునుగూడ తామట్లే చేసితిమని నవ్వించిరనియు ఒక కథ ప్రచారమందున్నది. కథ ఎట్లున్నను, అధికారము ఎదుట జంకని ఉపాధ్యాయుని స్వభావము అందు కనబడును.

కాని ఆ శరత్కాలమున మరి రెండు కార్యములు జరుగుచుండెను. మొదటిది, చీనా విద్యావంతులపై సాగిన వేట. వికసించుడని పిలిచి, పలికినవారిని పట్టుకొని, 5 లక్షలకు పైబడిన వారిపై ద్రోహులను ముద్రవేసి పనులనుండి తొలగించి పొలములకును శిబిరములకును పంపిరి. రెండవది, సింకియాంగునుండి టిబెట్టునకు మనదని మనము చెప్పుకొను అక్సాయ్ చిన్ మీదుగా చీనావారు వేసిన బాట ఆ సెప్టెంబరు అక్టోబరు మాసములలోనే పూర్తియైనది. మన ఉపరాష్ట్రపతికి బీజింగులో స్వాగతమిచ్చిన ప్రభుత్వమే మన సరిహద్దులో రాళ్లు పరపించుచుండెను. దూరపు కొండలు నునుపని సామెత. హిమాలయములకావలి కొండలు మన కన్నులకు మరింత నునుపుగా కనబడినవి.

1959లో టిబెట్టున తిరుగుబాటు చెలరేగి దలైలామా మన దేశమున శరణుజొచ్చెను. 1960 ఏప్రిలులో చౌ ఎన్ లై ఢిల్లీకి వచ్చి నెహ్రూతో దినములతరబడి మాటలాడెను. ఉపరాష్ట్రపతినిగూడ ప్రత్యేకముగ కలిసికొనెను. మాటలు ఫలింపలేదు. 1962 మే 13వ తేదీని రాధాకృష్ణపండితులు రాష్ట్రపతియైరి. ఐదు మాసములు గడచినవో లేదో, అక్టోబరు 20వ తేదీని లడాఖునందును, ఈశాన్యమునందును చీనాసేనలు ఒక్కమారుగా పైబడినవి. అక్టోబరు 26వ తేదీని దేశమున ఆపత్కాల పరిస్థితిని ప్రకటించు శాసనముపై సంతకము చేయవలసివచ్చినది చుంగ్‌కింగులో చీనా ఋషులను కీర్తించిన చేతికే.

నవంబరు 21వ తేదీని చీనా తనంతట తానే యుద్ధము నిలిపివేసెను. మన సైనికులు సుమారు 1,400 మంది హతులైరి. 4,000 మందికి చేరువగా బందీలైరి. చలికి తగిన దుస్తులు, నడువదగిన బాటలు, చాలినన్ని తుపాకులు లేక మన యువకులు మంచుకొండలలో పోరాడిన వృత్తాంతము నేటికిని గుండె కలచునట్టిది. పరాజయకాలమున పెద్దలు పొరుగువానిపై నేరము మోపి తృప్తిపడుట సులభము. రాష్ట్రపతి అట్లు చేయలేదు. మనము ఎంత సులభముగ నమ్మితిమో, ఎంత అశ్రద్ధగ నుంటిమో విప్పి చెప్పుటకు ఆయన వెనుదీయలేదు. ప్రభుత్వమునకు ఆ మాట రుచించియుండదు. అయినను రాజ్యాంగపు శిరఃస్థానముననున్నవాడు మిత్రధర్మముకంటె సత్యధర్మమును మిన్నగ నెంచవలెనని వారు చూపిరి.

ఇంకొక విశేషము. ఆయన చీనా ప్రభుత్వమును తప్పుపట్టిరి గాని, చీనాజాతిని ద్వేషింపుడని ఎన్నడును బోధింపలేదు. పద్దెనిమిదేండ్లక్రితము తాము వ్రాసిన గ్రంథమును తూలనాడలేదు. ఆ కోపకాలమున మన దేశమునందే పుట్టి పెరిగిన చీనా సంతతివారిని వేలకొలదిగా రాజస్థానములోని దేవలీ శిబిరమునకు తరలించి నిర్బంధించుట జరిగినది. వారిలో వృద్ధులును, పసివారును ఉండిరి. ఆ యధ్యాయము మన ప్రభుత్వమునకు గౌరవము తెచ్చునది కాదు. రాజ్యముతో వైరమును జాతితో వైరముగ మార్చుకొన్నవాడు, రాజ్యమును ఎదుర్కొను తెలివినిగూడ పోగొట్టుకొనును.

1962 సెప్టెంబరు 5వ తేదీనుండి వారి జన్మదినమును దేశము ఉపాధ్యాయ దినముగ జరుపుకొనసాగినది. ఉపాధ్యాయుని పీఠమెక్కించిన దేశమునకు ఉత్తరమున, నాలుగేండ్లకే, ఉపాధ్యాయులను వీథులకీడ్చిన దేశముండెను. 1966లో చీనాలో సాంస్కృతిక విప్లవము పేర కళాశాలలు మూతపడినవి. బీజింగులో ఒక బాలికల పాఠశాల ఉపాధ్యాయినిని విద్యార్థినులే కొట్టి చంపిరి. అంతకుముందు 1958 మొదలు సాగిన మహాప్లుతియను ఉద్యమఫలముగ కోట్లమంది ఆకటికి బలియైరి. 1964 అక్టోబరులో చీనా అణ్వస్త్రమును పరీక్షించినది. ఆకటితో మలమల మాడిన దేశమే అణుబాంబును చేయగలిగినది; నిరంకుశ రాజ్యము ఎంతటి కార్యమును సాధింపగలదో, దానికి ప్రజలచే ఎంతటి మూల్యము చెల్లింపించునో ఈ రెండు విషయములును కలిపి చూచినగాని తెలియదు.

1967 మేలో పదవీవిరమణ గావించి రాధాకృష్ణపండితులు మద్రాసు చేరిరి. 1975 ఏప్రిలు 17వ తేదీని అచ్చటనే పరమపదించిరి. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో మావోయు మరణించెను. తరువాతి చీనాను పండితులు చూడలేదు. చూచియుండినచో తాము 1944లో కీర్తించిన గుణమొకటి దానికి మూలమైనదని గ్రహించియుందురు.

ఏలయన, మావో అనంతరము అధికారమునకు వచ్చిన డెంగ్ సియావోపింగ్ చేయించిన తొలి సంస్కరణములలో ముఖ్యమైనది విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షల పునరుద్ధరణము. 1977 శీతకాలమున 57 లక్షలమంది ఆ పరీక్షకు కూర్చుండిరి. పొలములనుండి, గనులనుండి, కర్మాగారములనుండి వచ్చిరి. 1978 డిసెంబరులో ఆర్థిక సంస్కరణలు మొదలైనవి. రైతునకు పండించినదానిపై హక్కు వచ్చినది. 1980లో షెంజెన్ మొదలగు తీరప్రాంతములు పరదేశపు మూలధనమునకు తెరువబడినవి. 2001 డిసెంబరులో చీనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినది. 2010లో జపానును మించి ప్రపంచమున రెండవ ఆర్థికశక్తియైనది. 1990 ప్రాంతమువరకు తలసరి ఆదాయమున భారతదేశము చీనాకు వెనుకబడియుండలేదు. 2023 నాటికి చీనా తలసరి ఆదాయము మనదానికి సుమారు 5 రెట్లైనది. చదువును అవమానించిన కాలమున ఆ దేశము క్షామమును, చదువును తిరిగి గౌరవించిన కాలమున సంపదను పొందినది. ఒక పక్షమే రాజ్యమేలు పద్ధతి మాత్రము మారలేదు. స్వేచ్ఛ కోరి 1989లో తియనాన్‌మెన్ చతురమున గుమికూడిన యువకులపైకి సేనలను పంపిన చరిత్రయు దానిదే.

సంపద వెంట పలుకుబడి వచ్చినది. 2013లో ఖండాంతర మార్గములను, సముద్రమార్గములను కలుపు మహాపథకము చీనా ప్రారంభించినది. 2017లో సింహళమందలి హంబన్‌తోట రేవు 99 ఏండ్ల కౌలుకు చీనా సంస్థ చేతికి పోయినది. అదే యేట ఆఫ్రికా తీరమున జిబూటిలో చీనా నౌకాదళపు స్థావరము వెలసినది. బీజింగు కేంద్రముగా నేర్పడిన ఆసియా మౌలికసదుపాయముల బ్యాంకు భారతదేశమునకు మంజూరు చేసిన తొలి ఋణము, 2017లో, ఆంధ్రప్రదేశపు విద్యుత్ పథకమునకే. మొత్తము 16 కోట్ల డాలర్లు. ఆ బ్యాంకున మన దేశము చీనా తరువాత పెద్ద భాగస్వామి. పొరుగువానితో తగవులాడుచునే అతని కొట్టులో ఖాతా పెట్టుకొనవలసిన స్థితి మనది. 2023-24లో చీనానుండి మనము కొనిన సరకు 10,000 కోట్ల డాలర్లకు మించగా, అమ్మినది 1,700 కోట్ల డాలర్లకు లోపలనే.

విశాఖ ఉక్కును తీసికొని చూడుడు. 1966లో ఆంధ్రులు ప్రాణములర్పించి సాధించుకొనిన కర్మాగారమది. దాని స్థాపితశక్తి ఏటికి 73 లక్షల టన్నులు. చీనా 2023లో పోసిన ముడి ఉక్కు 100 కోట్ల టన్నులకు పైచిలుకు. విశాఖ కర్మాగారము పూర్తిశక్తితో ఏడాదిపాటు పనిచేసి తీయగల ఉక్కును చీనా మూడు దినములలోపల తీయుచున్నదన్నమాట. ఈ శతాబ్ది తొలి దశాబ్దమున మన ఇనుపఖనిజమును ఎగబడి కొనినదియు చీనాయే. తన అవసరమునకు మించిన ఉక్కును ప్రపంచపు అంగడిపై కుమ్మరించి ధర పడగొట్టినదియు చీనాయే. మన్ను అమ్మి లోహము కొను జాతి ఎన్నటికిని బలపడదని దాదాభాయి కాలమునుండి మనవారు మొత్తుకొనుచున్నారు. అప్పుడు కొనువాడు ఆంగ్లేయుడు, ఇప్పుడు వేరొకడు. సూత్రము మారలేదు.

సరిహద్దు కథయు ముగియలేదు. 1993 సెప్టెంబరు 7వ తేదీని మరియొక తెలుగువారు, ప్రధానియైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు, బీజింగులో నుండగా హద్దు వెంట శాంతిని కాపాడు ఒడంబడిక జరిగినది. ఇరువదియేడేండ్లకు, 2020 జూన్ 15వ తేదీ రాత్రి, గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది అమరులైరి. వారికి నాయకుడైన కర్నల్ సంతోష్ బాబు తెలంగాణములోని సూర్యాపేట బిడ్డ. సంధిపత్రము అవసరమే, అది కాపలాకు బదులు కాజాలదు.

రాధాకృష్ణపండితుల జీవితమునుండి మనము గ్రహింపదగినదిప్పుడు తేటపడుచున్నది. ఎదుటివానిని చదువకుండ తిట్టరాదు, చదివినంతనే నమ్మిపోరాదు. ఆయన చీనా పూర్వసంస్కృతిని శ్రద్ధతో చదివిరి. ఆ తరమునకు లోపించినది చీనా వర్తమానమును చదువుట. నేటి చీనా ప్రభుత్వపు ప్రణాళికలను, పత్రికలను, ధరలను, నౌకానిర్మాణమును ఆ భాషలోనే చదివి మనకు తెలుగున చెప్పగలవారెందరున్నారు? హ్యూయన్ త్సాంగ్ మన భాష నేర్చుటకు ఎడారులు దాటివచ్చెను. మన యువకునికి విమానమున కొన్ని గంటల ప్రయాణము. రేవు, నౌకానిర్మాణశాల, ఉక్కు కర్మాగారము, తూర్పు నౌకాదళము, విశ్వవిద్యాలయము అన్నియు ఒకేచోట గల విశాఖపట్టణముకంటె ఈ విద్యకు తగిన స్థలము ఆంధ్రదేశమున వేరొకటి లేదు. చీనాభాషయు, చీనా ఆర్థికశాస్త్రమును వాల్తేరులో శ్రద్ధగ బోధింపబడవలెను. జాలరిపేట బాలుడును ఆ తరగతిలో కూర్చుండగల రోజు రావలెను. సముద్రమును పుట్టుకతో నెరిగినవాడు సముద్రపు వర్తకమును విద్యతో నెరిగినచో, దేశమునకు అంతకంటె మంచి కావలివాడు దొరకడు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పుదురు. పాఠశాలలు నిండుగ నున్నపుడు, కర్మాగారములు పనిచేయుచున్నపుడు, ఎల్లరకు మాటలాడు స్వేచ్ఛ యున్నపుడు, పొరుగువాని బలము మనలను భయపెట్టదు; మోహపెట్టదు. చీనాకు లేనిదియు మనకున్నదియు ఆ స్వేచ్ఛయే. దానిని నిలుపుకొనుచు, చీనా చదువునుండి సాధించిన శక్తిని మనమును సాధింపవలెను. సెప్టెంబరు 5వ తేదీని పూలమాలలు వేయుటతో తృప్తిపడక, ఆ పని నారంభించినచో ఆచార్యుని ఋణము కొంతయైనను తీరును.